మనిషిలో సాధువు, కుక్కలో మొండిఘటం: ఇన్సులిన్ కణితి తీరు

ఇన్సులినోమా అనే కణితి మనిషికి వస్తే పదిమందిలో తొమ్మిదిమందికి అది ప్రాణం మీదికి రాని గడ్డే. సర్జన్ దాన్ని జాగ్రత్తగా తీసేస్తే చాలావరకు జబ్బు తీరిపోయినట్టే. అదే కణితి కుక్కకు వస్తే నూటికి తొంభై అయిదుకు పైగా కేసుల్లో క్యాన్సర్. బయటపడే నాటికే దాదాపు సగం కుక్కల్లో పక్కనున్న లింఫ్ గ్రంథులకో, కాలేయానికో పాకి ఉంటుంది. అమెరికాలో ఎక్కువగా పెంచుకునే ఫెర్రెట్ అనే చిన్న జంతువులో మూడో తీరు కనిపిస్తుంది. దూరపు అవయవాలకు పాకడం అరుదు, కానీ క్లోమంలోనే ఒకటి తీస్తే ఇంకొకటి మొలుస్తుంది. మూడింటిలోనూ కణితి పుట్టేది ఒకే రకం కణం నుంచి. చేసే చేటు కూడా ఒకటే, రక్తంలో షుగర్‌ను పడగొట్టడం. నడవడిక మాత్రం జంతువును బట్టి మారిపోతుంది. పెంపుడు జంతువుల క్లోమ కణితుల మీద జరిగే చర్చల్లో గందరగోళం చాలావరకు ఇక్కడే పుడుతోంది. మనుషుల లెక్కలు తెచ్చి కుక్కలకు, కుక్కల లెక్కలు తెచ్చి ఫెర్రెట్లకు అంటగడుతుంటారు.

క్లోమంలో ఎక్కువ భాగం తిండిని అరిగించే రసాలను తయారుచేసి పేగులోకి పంపుతుంది. ఆ కణజాలం మధ్య అక్కడక్కడా చెదురుగా ఉండే చిన్న కణాల గుంపులు మాత్రం హార్మోన్లను నేరుగా రక్తంలోకి వదులుతాయి. 1869లో బెర్లిన్‌లో పాల్ లాంగర్‌హాన్స్ అనే వైద్య విద్యార్థి వీటిని సూక్ష్మదర్శిని కింద చూసి వర్ణించాడు. అవి ఏం పని చేస్తాయో ఆయనకు అంతుబట్టలేదు. మన జీవశాస్త్రం పుస్తకాల్లో ఇవి లాంగర్‌హాన్స్ పుటికలు. వీటిలో బీటా కణాలు ఇన్సులిన్‌ను, ఆల్ఫా కణాలు గ్లూకగాన్‌ను, డెల్టా కణాలు సొమాటోస్టాటిన్‌ను తయారుచేస్తాయి. జంతువుల్లో కణితిగా మారేది ఎక్కువగా బీటా కణాలే.

ఆరోగ్యంగా ఉన్న బీటా కణం రక్తంలోని షుగర్‌ను చూసి నడుచుకుంటుంది. తిన్నాక షుగర్ పెరిగితే ఇన్సులిన్ వదులుతుంది, తగ్గితే ఆపేస్తుంది. కుక్క రక్తంలో షుగర్ డెసిలీటర్‌కు 60 మిల్లీగ్రాముల కంటే కిందికి పోతే ఇన్సులిన్ విడుదల దాదాపు నిలిచిపోవాలి. కణితి కణాలకు ఆ అదుపు ఉండదు. షుగర్ 40కి పడిపోయినా అవి ఇన్సులిన్ వదులుతూనే ఉంటాయి. అదే సమయంలో షుగర్ పెరిగితే ఇంకా ఎక్కువ వదలడం మాత్రం మర్చిపోవు. అంటే బ్రేకు పోయింది గానీ యాక్సిలరేటర్ బాగానే పనిచేస్తోంది. ఈ జబ్బులో వింతగా తోచే చాలా విషయాలకు మూలం ఇదే.

ఉదాహరణకు, ఈ కుక్కలు ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు కూలబడతాయి, అందులో ఆశ్చర్యం లేదు. కానీ కొన్ని బాగా తిన్న గంటో రెండు గంటలో గడిచాక కూడా కూలబడతాయి. తిండితో పెరిగిన షుగర్ కణితిని రెచ్చగొట్టడం, అది అవసరానికి మించి ఇన్సులిన్ వదలడం, షుగర్ ఉన్నదానికంటే కిందికి జారడం దానికి కారణం. పరుగెత్తినప్పుడు కండరాలు షుగర్‌ను లాగేసుకుంటాయి. ఇంటికి చుట్టాలొస్తే, పటాకుల చప్పుడు వింటే కలిగే ఉద్రేకంతోనూ కుక్క కూలబడవచ్చు. అందుకే ఒక రోజు ఆకలి వల్ల పడిందని, ఇంకో రోజు తిండి పడలేదని, మరో రోజు ఎండదెబ్బ తగిలిందని ఇంట్లో వాళ్లు తలా ఒక కారణం చెబుతారు. ఎవరూ పూర్తిగా తప్పు చెప్పడం లేదు.

దెబ్బ ముందుగా తగిలేది మెదడుకు. మిగతా కణజాలాలు కొవ్వుతోనూ కాలం గడపగలవు. మెదడుకు గ్లూకోజ్ కావాలి, దాని దగ్గర నిల్వ దాదాపు ఉండదు. షుగర్ పడితే వెనక కాళ్లు తూలడం, ఒళ్లు వణకడం, ఎటో చూస్తూ ఉండిపోవడం, పిలిస్తే పలకకపోవడం, చివరికి ఫిట్స్. ఒళ్లు ఊరికే చూస్తూ కూర్చోదు. గ్లూకగాన్, అడ్రినలిన్, కార్టిజాల్, గ్రోత్ హార్మోన్ రంగంలోకి దిగి కాలేయం నుంచి షుగర్‌ను బయటికి లాగుతాయి. కొన్ని నిమిషాల్లో కుక్క లేచి ఏమీ జరగనట్టు తోక ఊపుతుంది. ఈ కోలుకోవడమే జబ్బును దాచిపెడుతుంది. ఆసుపత్రికి తీసుకెళ్లే సరికి కుక్క మామూలుగా ఉంటుంది, పరీక్షిస్తే ఏమీ దొరకదు. పైగా షుగర్ నెమ్మదిగా వారాల తరబడి తగ్గితే మెదడు దానికి కొంత అలవాటు పడుతుంది. 40 దగ్గర షుగర్‌తో నడిచి వచ్చే కుక్కలు ఉన్నాయి. షుగర్ ఎంత ఉందన్నదానితో పాటు ఎంత వేగంగా పడిందన్నదీ ముఖ్యమే.

ఇన్సులిన్ ఒంట్లో కొవ్వును పేర్చే హార్మోన్ కాబట్టి కొన్ని కుక్కలు లావెక్కుతాయి. క్యాన్సర్ అంటే చిక్కిపోవాలి కదా అన్న నమ్మకం ఇక్కడ తప్పుదోవ పట్టిస్తుంది. కొన్నింటిలో కాళ్ల నరాలు కూడా దెబ్బతిని, షుగర్ సరిగ్గా ఉన్నప్పుడు సైతం బలహీనత మిగిలిపోతుంది.

ఈ కణితి వచ్చేవి ఎక్కువగా నడివయసు దాటిన కుక్కలు, సగటున తొమ్మిదేళ్లు. లాబ్రడార్, గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, బాక్సర్, ఐరిష్ సెట్టర్ వంటి జాతుల పేర్లు కేసుల్లో మళ్లీ మళ్లీ వస్తాయి. వీటిలో మొదటి మూడూ హైదరాబాద్, విజయవాడ, విశాఖ ఇళ్లలో బాగా కనిపించేవే. జబ్బు అరుదైనదే, అందులో అనుమానం లేదు. కానీ ఇక్కడ ఫిట్స్ వచ్చిన కుక్కను చూడగానే ముందుగా డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు గుర్తుకొస్తుంది. వెనక కాళ్లు తూలితే తుంటి కీళ్ల జబ్బు, నీరసంగా పడుకుంటే పిడుదుల జ్వరం. మన దగ్గర ఇవే ఎక్కువ కాబట్టి ఆ వరసలో ఆలోచించడం తప్పు కాదు. తప్పెక్కడంటే, ఎనిమిది తొమ్మిదేళ్లు ఏ ఇబ్బందీ లేకుండా బతికిన కుక్కకు మొదటిసారి ఫిట్స్ వచ్చినప్పుడు షుగర్ చూడకుండానే ఫిట్స్ మాత్రలు మొదలుపెట్టడం. పుట్టుకతో వచ్చే మూర్ఛ సాధారణంగా చిన్న వయసులోనే బయటపడుతుంది. షుగర్ చూడటానికి ఒక చుక్క రక్తం చాలు.

ఆ ఒక చుక్క కూడా అబద్ధం చెప్పగలదు. మనుషుల గ్లూకోమీటర్ మనిషి రక్తంలో ప్లాస్మాకు, ఎర్రకణాలకు మధ్య గ్లూకోజ్ ఎలా పంచుకుని ఉంటుందో ఆ లెక్కతో తయారైంది. కుక్క రక్తంలో ఆ పంపకం వేరు, గ్లూకోజ్‌లో ఎక్కువ భాగం ప్లాస్మాలోనే ఉంటుంది. అందుకే ఇంట్లో తాతగారి మీటర్‌తో చూస్తే కుక్కకు షుగర్ ఉన్నదానికంటే తక్కువగా కనబడటం మామూలు. రెండో మోసం నమూనాలో ఉంటుంది. తీసిన రక్తాన్ని కణాలతో కలిపి అలాగే వదిలేస్తే, ఆ కణాలు గంటకు 5 నుంచి 10 శాతం గ్లూకోజ్‌ను తినేస్తాయి. మధ్యాహ్నం తీసిన రక్తం సాయంత్రం లేబొరేటరీకి చేరితే ఆరోగ్యంగా ఉన్న కుక్కకు కూడా షుగర్ తక్కువ అని రిపోర్టు వస్తుంది. ఫ్లోరైడ్ వేసిన బూడిదరంగు మూత సీసా ఉన్నది ఇందుకే.

షుగర్ నిజంగానే తక్కువ అని తేలినా కణితి అని అప్పుడే అనకూడదు. కాలేయం పాడైనా, ఒళ్లంతా ఇన్ఫెక్షన్ పాకినా, అడ్రినల్ గ్రంథి పనిచేయకపోయినా, పిడుదుల ద్వారా సోకే బబీసియా తీవ్రంగా వచ్చినా షుగర్ పడుతుంది. మన ఇళ్లలో ప్రత్యేకంగా అడగాల్సిన ప్రశ్నలు ఇంకో రెండు ఉన్నాయి. ఇంట్లో షుగర్ రోగి ఉంటే గ్లిమిపెరైడ్ వంటి మాత్రల షీటును కుక్క కొరికిందా? జైలిటాల్ వేసిన షుగర్‌ఫ్రీ చూయింగ్‌గమ్, స్వీట్ల వంటివి తిన్నదా? మనిషికి జైలిటాల్ వల్ల ఇబ్బంది లేదు. కుక్క క్లోమం మాత్రం దాన్ని చూసి గ్లూకోజ్ వచ్చిందనుకుని ఇన్సులిన్ గుమ్మరిస్తుంది. గంటలోపే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు.

కణితిని తేల్చే పరీక్ష వినడానికి చిన్నదే. షుగర్ తక్కువగా ఉన్న క్షణంలో తీసిన రక్తంలోనే ఇన్సులిన్ ఎంత ఉందో చూడాలి. చిక్కు ఎక్కడంటే రిపోర్టు చదవడంలో. షుగర్ 45 ఉన్నప్పుడు ఇన్సులిన్ మామూలు పరిధి మధ్యలో ఉందనుకోండి. కాగితం మీద ఇన్సులిన్ ఎదురుగా ఏ ఎర్రగుర్తూ ఉండదు, నార్మల్ అని ఉంటుంది. కానీ షుగర్ 45 ఉన్నప్పుడు ఇన్సులిన్ అడుగంటి ఉండాలి. ఆ సమయంలో నార్మల్‌గా ఉండటమే జబ్బు. ఏ అంకె అయినా పక్క అంకెతో కలిపి చదివితేనే అర్థమయ్యే పరీక్షల్లో దీన్ని మించింది లేదేమో. ఒకప్పుడు ఈ రెండింటికీ నిష్పత్తి లెక్కగట్టే సూత్రాలు వాడేవారు. వేరే జబ్బుల్లోనూ అదే నిష్పత్తి వస్తుండటంతో వాటి మీద నమ్మకం తగ్గింది.

కుక్కను తెచ్చిన వేళ షుగర్ బాగానే ఉంటే ఆసుపత్రిలోనే ఉంచి, తిండి ఆపి, గంట గంటకూ చూస్తారు. 60 కంటే తగ్గగానే రక్తం తీసి తిండి పెట్టేస్తారు. ఇది ఇంట్లో చేసే ప్రయోగం కాదు. ఇంకో చిన్న సంగతి. కుక్క ఇన్సులిన్, పంది ఇన్సులిన్ అచ్చంగా ఒకటే, మనిషి ఇన్సులిన్‌తో పోలిస్తే ఒక్క అమైనో ఆమ్లం తేడా. మనిషి ఇన్సులిన్‌నే గుర్తుపట్టేలా చేసిన కొన్ని కిట్లు కుక్క ఇన్సులిన్‌ను సరిగ్గా పట్టుకోలేవు. కుక్కల నమూనాలకు సరిపోతుందని తేలిన పద్ధతేనా అని లేబొరేటరీని ముందే అడగాలి.

తర్వాత వెతుకులాట. ఈ గడ్డలు తరచూ రెండున్నర సెంటీమీటర్లు కూడా ఉండవు. కుక్క క్లోమం ఒక కొమ్మ పేగు వెంట, ఇంకో కొమ్మ జీర్ణాశయం వెనక పరుచుకుని ఉంటుంది, గడ్డ ఎటువైపైనా ఉండవచ్చు. అల్ట్రాసౌండ్‌లో ఏమీ కనిపించలేదంటే కణితి లేదని కాదు. రంగుమందు ఎక్కించి వేర్వేరు దశల్లో తీసే సీటీ స్కాన్ గడ్డను పట్టుకోవడంలో మెరుగు, అయినా లింఫ్ గ్రంథుల విషయంలో అదీ తప్పు చెబుతుంది. చివరికి సర్జన్ వేళ్లతో క్లోమమంతా తడిమి చూడటానికి ప్రత్యామ్నాయం ఇంకా రాలేదు.

ఆపరేషన్ అంటే క్లోమంలో గడ్డ ఉన్న ముక్కను కోసి తీయడం. 1999లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనంలో మందులతోనే నెట్టుకొచ్చిన కుక్కల మధ్యస్థ ఆయుష్షు 74 రోజులు, ఆపరేషన్ అయినవాటిది 381 రోజులు. 2007లో బ్రిటన్ నుంచి వచ్చిన లెక్కలో అవి 196, 785 రోజులయ్యాయి. మధ్యస్థం అంటే సగం కుక్కలు అంతకంటే ఎక్కువే బతికాయని కూడా గుర్తుపెట్టుకోవాలి. ఈ అంకెలు చూపించి ఆపరేషన్ వల్ల ఆయుష్షు నాలుగైదు రెట్లు అవుతుందని చెప్పేవాళ్లున్నారు. అది కాస్త తొందరపాటు. ఆపరేషన్‌కు పంపేది సాధారణంగా కణితి అంతగా పాకని, మత్తును తట్టుకునే కుక్కలను, అదీ ఖర్చు భరించగల యజమానులు ఉంటే. మందుల వరసలో మిగిలేవి ముదిరిన కేసులు. రెండు గుంపులూ మొదటినుంచే సమానం కావు. ఆపరేషన్ మేలు చేస్తుందన్న మాట మాత్రం నిలుస్తుంది, ముఖ్యంగా కణితి క్లోమం దాటనప్పుడు. కాలేయానికి పాకిన తర్వాత కూడా కొందరు సర్జన్లు దొరికినంత గడ్డను తీస్తారు. కణితి బరువు తగ్గితే ఇన్సులిన్ తగ్గుతుంది, మందులు పనిచేయడం మొదలుపెడతాయి.

ఆపరేషన్ తర్వాత రెండు ఇబ్బందులు రావచ్చు. ఒకటి క్లోమం వాపు. రెండోది, షుగర్ తక్కువని వచ్చిన కుక్కకు ఏకంగా షుగర్ జబ్బే పట్టుకోవడం. కణితి ఇన్నాళ్లూ ఇన్సులిన్ పోస్తుంటే ఆరోగ్యంగా ఉన్న బీటా కణాలు పనిలేక ముడుచుకుపోయి ఉంటాయి. కణితిని తీసేయగానే అవి వెంటనే లేవలేవు. కొన్ని కుక్కలకు కొన్నాళ్లపాటు ఇన్సులిన్ ఇంజెక్షన్ ఇవ్వాల్సి వస్తుంది. ఇదంతా తెలియని యజమానికి డాక్టర్ మీద కోపం రావడం సహజం.

మందుల్లో మొదటిది ప్రెడ్నిసలోన్. ఇది కాలేయంలో షుగర్ తయారీని పెంచి, ఇన్సులిన్ దూకుడును తగ్గిస్తుంది. డయజాక్సైడ్ బీటా కణం తలుపు దగ్గరే ఇన్సులిన్‌ను ఆపుతుంది, కానీ ఖరీదు. స్ట్రెప్టోజోటోసిన్ బీటా కణాలనే చంపుతుంది. మన ఫార్మసీ కాలేజీల్లో ఎలుకలకు షుగర్ తెప్పించి మందులను పరీక్షించేది ఈ రసాయనంతోనే. కిడ్నీలను దెబ్బతీయకుండా ఉండాలంటే దీన్ని కుక్కకు ఇచ్చేటప్పుడు గంటల తరబడి సెలైన్ పెట్టాలి.

తిండి విషయం మన ఇళ్లకు మరీ వర్తిస్తుంది. చాలా కుక్కలు ఇక్కడ పెరుగన్నం, బిస్కెట్ల మీదే బతుకుతాయి, అదీ రోజుకు రెండు పూటలు. తెల్లన్నం త్వరగా అరిగి షుగర్‌ను ఒక్కసారిగా పెంచుతుంది, కణితి దానికి బదులు చెబుతుంది. ఈ కుక్కలకు మాంసకృత్తులు, కొంత కొవ్వు ఉన్న తిండిని కొద్దికొద్దిగా నాలుగు నుంచి ఆరు పూటలుగా పెట్టాలి. రాత్రంతా ఖాళీ కడుపు పనికిరాదు. షుగర్ తక్కువ కదా అని లడ్డూలు, బెల్లం ముక్కలు పెట్టడం మంచి మనసుతో చేసే చెడ్డ పని.

తీపి వాడాల్సిన సందర్భం ఒక్కటే, కుక్క కూలబడినప్పుడు. తేనెనో, చిక్కటి పంచదార పాకాన్నో వేలితో చిగుళ్లకు రాయాలి. నోట్లో పోయకూడదు, ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఫిట్స్ వస్తున్నప్పుడు వేలు పళ్ల మధ్య పెట్టకూడదు. తెలివి రాగానే కాస్త మాంసమో గుడ్డో ఉన్న తిండి కొద్దిగా పెట్టి ఆసుపత్రికి బయల్దేరాలి. ఆసుపత్రిలో కూడా గ్లూకోజ్‌ను నెమ్మదిగా, లక్షణాలు తగ్గేంత వరకే ఎక్కిస్తారు. అంకెను 100కు చేర్చాలన్న తాపత్రయంతో ఒక్కసారిగా ఎక్కిస్తే కణితి మరింత ఇన్సులిన్ వదిలి, అరగంటలో పరిస్థితి మొదటికొస్తుంది.

ఫెర్రెట్ సంగతి వేరు. ముంగిసలా పొడవుగా కనిపించే ఈ జంతువు నిజానికి వేరే కుటుంబానికి చెందింది. పూర్వం యూరప్‌లో కుందేళ్ల వేటకు వాడేవారు. అమెరికాలో పెంపుడు ఫెర్రెట్లకు నాలుగైదేళ్లు దాటాక వచ్చే కణితుల్లో ఇన్సులినోమాది ముందువరస, చాలాసార్లు అడ్రినల్ గ్రంథి కణితి కూడా జతగా ఉంటుంది. లక్షణాలు కూడా కొంత వేరు. చొంగ కారుస్తూ, మూతిని ముందుకాళ్లతో గీక్కుంటూ, గాజుకళ్లతో చూస్తూ ఉంటుంది. జీవక్రియ వేగం ఎక్కువ కాబట్టి పరీక్ష కోసం కడుపు మాడ్చేది మూడు నాలుగు గంటలకు మించదు. అంత ఎక్కువగా ఎందుకొస్తోందన్నదానికి, పూర్తి మాంసాహారి అయిన జంతువుకు పిండిపదార్థం ఎక్కువున్న గుళికల తిండి పెట్టడమే కారణమన్న వాదన ఉంది. నమ్మబుద్ధేసే వాదనే, కానీ నిరూపణ కాలేదు. ఒకే పుట్టుక నుంచి పెరిగిన పెంపకం జంతువుల్లో వంశపారంపర్యాన్ని కొట్టిపారేయలేం.

పిల్లుల్లో ఇన్సులినోమా బహు అరుదు. ఆవులు, గుర్రాల్లో ఏదో ఒకటి అరా కేసులు. మిగతా పుటిక కణితుల్లో గ్యాస్ట్రినోమా జీర్ణాశయంలో ఆమ్లాన్ని పొంగించి పుండ్లు, వాంతులు తెస్తుంది. గ్లూకగోనోమా వచ్చిన కుక్క అరికాళ్ల మెత్తలు పగిలి, చర్మం పెచ్చులు కట్టి చర్మ వైద్యుడి దగ్గరికి చేరుతుంది. అలాంటి చర్మం చాలాసార్లు కాలేయ జబ్బులోనూ వస్తుంది కాబట్టి ముందు దాన్నే వెతుకుతారు.

మనుషుల్లో ఈ కథ మొదలైంది ఒక మినహాయింపుతో. 1927లో అమెరికాలోని మేయో క్లినిక్ వైద్యులు వర్ణించిన రోగికి ఉన్నది కాలేయానికి పాకిన కణితి. క్యాన్సర్ కాని మెతక గడ్డను తీసి రోగిని బాగుచేసిన తొలి ఆపరేషన్ 1929లో టొరంటోలో రోస్కో గ్రాహమ్ చేశాడు. అంతకు ఎనిమిదేళ్ల ముందు ఆ ఊళ్లోనే కుక్కల మీద ప్రయోగాలతో ఇన్సులిన్‌ను పట్టుకున్నారు. కుక్కలో ఇన్సులిన్ కణితి గురించి మాడ్ స్లై, వెల్స్ 1935లో రాశారు. 1985లో డగ్లస్ హనహన్ చిట్టెలుకల్లో వంశపారంపర్యంగా బీటా కణాల కణితి వచ్చేలా జన్యువును మార్చాడు. కణితి తనకు కావలసిన రక్తనాళాలను ఎప్పుడు, ఎలా పుట్టించుకుంటుందో ఆ ఎలుకల్లోనే విడమరిచి చూశారు. రక్తనాళాలను అడ్డుకునే సునిటినిబ్ అనే మందును వాటిమీద పరీక్షించాక, 2011లో అమెరికాలో మనుషుల క్లోమ హార్మోన్ కణితులకు దాన్ని వాడటానికి అనుమతి వచ్చింది. దానికి దగ్గరి చుట్టమైన టొసెరనిబ్ 2009 నుంచి కుక్కల చర్మంలో వచ్చే మాస్ట్ కణాల కణితికి అనుమతి పొంది వాడుకలో ఉంది. పాకిన ఇన్సులినోమా ఉన్న కుక్కలకు కూడా ఇప్పుడు కొందరు పశువైద్యులు దీన్ని ఇస్తున్నారు. కొన్నింటిలో షుగర్ నిలబడిందని, కణితి ఎదుగుదల ఆగిందని పాత కేసు షీట్లు తిరగేసి చేసిన అధ్యయనాలు చెబుతున్నాయి. వాటిలో మందు ఇవ్వని కుక్కల గుంపు పోల్చడానికి లేదు, చాలా కుక్కలకు ప్రెడ్నిసలోన్ కూడా తోడుగా నడిచింది. ఆగిన కణితుల్లో మందు వల్ల ఆగినవెన్ని, తమంతట తాముగా నెమ్మదిగా పెరిగేవెన్ని అన్నది ఆ షీట్ల నుంచి విడదీయడం కుదరదు.